ముప్పై దినాల పూల చదువు

పెద్దమునియప్ప చేయి పొడుగు. ఆయన గురించి ఏం చెప్పాలన్నా ముందు ఆ చేతితోనే మొదలుపెట్టాలి. మోచేతి నుంచి నడివేలి కొస దాకా అందరికీ మూర అయితే ఆయనకి మూరా నాలుగు వేళ్ళు. బెంగళూరు కాటన్‌పేట మెయిన్ రోడ్డులో మోరీ మీద ఒక చెక్కబల్ల, బల్ల మీద తడిగోనె, గోనె మీద పూలు, వాటి వెనక ఆయన. మల్లెలు మూర కావాలంటే తన చేత్తోనే కొలిచి ఇస్తాడు కదా, ఆడవాళ్ళంతా మిగతా నాలుగు బల్లలూ దాటుకుని ఆయన దగ్గరికే వచ్చేవాళ్ళు. తొంభై మూడులో ఆ నలుగురు పూలవాళ్ళూ పంచాయితీ పెట్టారు. పెద్దమనుషులు ఒక పూటంతా తర్జనభర్జన పడి, మునియప్ప ఇకమీద మణికట్టు మడిచి కొలవాలని తీర్పు చెప్పారు. ఈ మహానుభావుడు నోరెత్తకుండా ఒప్పుకున్నాడు. పదేళ్ళు దాటినా మణికట్టు మడిచే కొలుస్తున్నాడు. నేనైతే ఆ పంచాయితీ మొత్తాన్నీ మోరీలోకి తోసేవాణ్ణి.

నా పేరు పద్మనాభం. కడప నుంచి వచ్చి, ఇక్కడ ఒక సర్కారు ఆఫీసులో ముప్పై మూడేళ్ళు టైపు కొట్టి రిటైరయ్యాను. ఒంటి మనిషిని. మునియప్ప ఉండే వఠారంలోనే, ఆయన గోడ అవతలి గది నాది. నాకు ముక్కు మీద కోపమని వఠారంలో చెప్పుకుంటారు. ఉంటుంది మరి. ముప్పై మూడేళ్ళు ఇతరుల తప్పులు దిద్దుతూ బతికినవాడికి కోపం రాకపోతే ఇంకేం వస్తుంది?

మునియప్ప బడి మొహం చూడలేదు. ఏడో ఏట తండ్రి పక్కన కూర్చుని అరటినార తడపడంతో మొదలుపెట్టాడు. పెళ్ళి దండలు, సభల దండలు, ఆయుధపూజకి లారీల దండలు, చివరికి పాడె మీదికి వేసే దండలు, అన్నీ ఆ చేతులే కట్టాయి. మనిషిని చూడగానే మెడ నుంచి కిందికి కళ్ళతోనే కొలిచేస్తాడు. నన్ను పరిచయం చేసుకున్న రోజే ఆపాదమస్తకం చూసి, "మీకు అయిదు మూరలు చాలప్పా" అన్నాడు. దేనికి అని నేను అడగలేదు. భార్య కమలమ్మ తొంభై ఆరులో పోయినప్పుడు మాత్రం ఆయన చేతులు ఆడలేదు. పక్క బల్లవాడు కట్టిన దండ తెచ్చి వేశాడు. ఆ దండ వదులుగా కట్టారని ఇప్పటికీ బాధపడతాడు.

ఒక్కతే కూతురు, శశికళ. నా దగ్గరే టైపు నేర్చుకుని, డిగ్రీ చేసి, సర్జాపుర రోడ్డులో ఒక సాఫ్ట్‌వేర్ ఆఫీసు ముందు బల్ల దగ్గర ఫోన్లు ఎత్తే ఉద్యోగం తెచ్చుకుంది. పెనిమిటి హేమంత్‌కుమార్ టూరిస్టు బస్సు డ్రైవరు. నెలలో ఇరవై రోజులు ఏ కన్యాకుమారి దారిలోనో ఉంటాడు. అందుకని శశికళ తండ్రి దగ్గరే ఉండిపోయింది. వాళ్ళ పాప చిన్ని. రెండు వేల నాలుగులో దానికి రెండున్నరేళ్ళు. తల్లి ఏడింటికి కంపెనీ బస్సెక్కితే మళ్ళీ దీపాలు పెట్టాక దిగేది. అంతవరకూ చిన్ని, తాత బల్ల కింద, తడిగోనె మీద, కనకాంబరాల మధ్య.

చిక్కంతా హేమంత్‌కుమార్ తల్లి ఆదెమ్మతో వచ్చింది. హిందూపురం నుంచి ఒకసారి వచ్చి, మనవరాలు మోరీ పక్కన కూర్చుని నార నములుతుంటే చూసి ఆవిడ గుండె బాదుకుంది. ఉగాదిలోపల పిల్లని ఇంగ్లీషు ప్లేస్కూల్లో చేర్చారా సరే, లేదంటే హిందూపురం తీసుకుపోయి తానే పెంచుతానని కొడుకు చేత ఒట్టు వేయించుకుంది. ఆ రోజు మునియప్ప నా గదికి వచ్చి గడప దగ్గర కూర్చున్నాడు.

"పిల్ల హిందూపురం పోతే నేనింక ఎవురి కోసరం బతికేదప్పా?" అన్నాడు.

నాకు జవాబు తోచకపోతే కోపం వస్తుంది. హిందూపురాన్ని బండబూతులు తిట్టాను. ఆ ఊరు నాకేం చేసిందని!

చామరాజపేట వైపు ఒక ప్లేస్కూలు ఉంది. పేరు చెప్పను, గేటు మీద సీతాకోకచిలుక బొమ్మ ఉంటుందనుకోండి. వాళ్ళ ఫారంలో, ఇంట్లో పిల్లకి ఏమేం నేర్పిస్తున్నారో వివరంగా రాయమని ఒక పేజీ. తర్వాత పిల్లనీ, తల్లినీ, పగలంతా పిల్లతో ఉండే పెద్దవాళ్ళనీ పిలిచి పరీక్ష చేస్తారట. రెండున్నరేళ్ళ పిల్లకి పరీక్ష! నేను ఉద్యోగంలో చేరినప్పుడు కూడా నన్ను ఇంతగా ఎవరూ పరీక్షించలేదు. శశికళ ఆఫీసులో కిరణ్మయి అని ఒక విజయవాడ అమ్మాయి ఇంటర్నెట్‌లోంచి కాగితాలు తీసి ఇచ్చింది. వసంతకాలంలో చిన్నపిల్లలకి ఇంట్లోనే పూలతో ఆటలు, ఆటలతో చదువు, ముప్పై రోజులు. పూలంటే మా నాయనకి తెలియనిదేముంది అని శశికళ మురిసిపోయింది. ఆ ఇంగ్లీషు కాగితాన్ని రోజూ చదివి మునియప్పకి తెలుగులో చెప్పడం నా పని. రోజు చివర టైపు మిషను మీద ఇంగ్లీషులో రిపోర్టు కొట్టడం కూడా నా పనే.

మొదటి రోజే రభస. పిల్లకి ట్యూలిప్ పువ్వు చూపించమని ఉంది. కాగితంలో బొమ్మ ఉంది, నల్లగా, గడ్డతో సహా. మునియప్ప దాన్ని వెలుతురుకి పట్టుకుని అటూ ఇటూ తిప్పాడు. "ఇది ఎర్రగడ్డ కదప్పా. దీన్ని దండలో యాడ పెట్టేది?" అన్నాడు. యాభై ఏళ్ళు మార్కెట్టులో చూడని పువ్వు లోకంలో ఉంటుందని ఆయన నమ్మడు. కాగితం రాసినవాడికి పూలు తెలియవని తేల్చేశాడు. అయినా వ్రతం తప్పకూడదు కదా, మొలకెత్తిన ఉల్లిగడ్డ ఒకటి తెచ్చి డబ్బాలో నాటి చిన్ని ముందు పెట్టాడు. పిల్ల పొద్దునా సాయంత్రం దానికి నీళ్ళు పోసి దండం పెట్టుకునేది. నేను రిపోర్టులో 'ట్యూలిప్ పరిచయం పూర్తయినది' అని కొట్టాను.

మూడో రోజు లెక్కలు. పూలని ఒక్కొక్కటిగా లెక్కపెట్టించాలి. మునియప్ప బొడ్డుమల్లెలు తీసి గోనె మీద పెడుతూ, "లాభం, రెండు, మూడు" అని నేర్పాడు. అంగడి పెట్టినవాడు ఎవడూ మొదటిదాన్ని ఒకటి అనడు, లాభమే అంటాడు. ఒకటి అని చెప్పవయ్యా అని నేను ఎగిరాను. పొద్దున్నే బల్ల మీద ఆ మాట అనలేనని ఆయన చెవులు మూసుకున్నాడు. వారం తిరిగేసరికి చిన్ని ఇరవై దాకా గడగడా చెప్పేది. దానికి ముక్కు లాభం, కళ్ళు రెండు.

ఆరో రోజు రంగులు. ఎర్రవి ఒక గిన్నెలో, పసుపువి ఒక గిన్నెలో, తెల్లవి ఒక గిన్నెలో వేయించాలి. నేను చెప్పి ఎసరు పెట్టుకోవడానికి వెళ్ళాను. తిరిగొచ్చేసరికి గిన్నెలు మూడే ఉన్నాయి కానీ రంగులన్నీ కలగాపులగం. ఏమిటిదంటే మునియప్ప ఓపిగ్గా వివరించాడు. ఇది దేవునికి. ఇది జడకి. ఇది పోయినోళ్ళకి. పువ్వుకి రంగుతో ఏం పని, ఎవరికి పోతుందో అదే కదా దాని సంగతి అన్నాడు. ఆలోచించి చూస్తే నాకు అందులో తప్పు కనబడలేదు. అదీ నా ఖర్మ. 'మూడు వర్గములుగా విభజించుట పూర్తయినది' అని కొట్టాను.

కళ్ళకి గంతలు కట్టి వాసన చెప్పించే ఆటలో మాత్రం మా చిన్నిది అసాధ్యురాలు. మరువం, దవనం, సంపంగి, పన్నీరు రోజా, సుగంధరాజ, పేరు పేరునా చెప్పేసేది. అంతటితో ఆగేది కాదు. ముక్కు ముడిచి "నిన్నటిది" అనేది. మునియప్ప రెండు చేతులూ జోడించి ఆకాశానికి దండం పెట్టాడు. పూలతో ముద్రలు వేసే రోజున పసుపూ కుంకుమా కలిపి ఇస్తే, ఉతికి ఆరేసిన నా తెల్ల చొక్కా వీపంతా సేవంతులు పూయించింది. చొక్కా పోయినందుకు అరిచాను కానీ ముద్రలు బాగా పడ్డాయి.

అసలు కొంప ముంచింది పంతొమ్మిదో రోజు. పూలరేకులు తుంచి పిల్లని ఇష్టం వచ్చినట్టు ఆడుకోనివ్వాలి, పాట కూడా ఉంటే మంచిది అని కాగితం. మునియప్ప మొహం వాడిపోయింది. పూలవాడు రేకులు తుంచేది ఒక్క పనికే. కాటన్‌పేట రోడ్డున వారానికి రెండు మూడు పాడెలు పోతాయి. ముందు తమటె అనే డప్పు కొట్టేవాళ్ళు, వాళ్ళ ముందు చిందేసేవాళ్ళు, దారి పొడుగునా రేకులు చల్లేవాళ్ళు. ఆ రేకులు ఈయన బల్ల మీంచే బుట్టల్లో వెళ్ళేవి. చిన్ని పుట్టినప్పటి నుంచీ చూస్తున్న సంబరం అదొక్కటే. రేకులు చేతికి ఇవ్వగానే అది లేచి, గుప్పెడు గుప్పెడు చల్లుతూ, నోటితో తమటె వాయిస్తూ, ఒక కాలు ఎత్తి ఒక కాలు దించి, వఠారం ఈ చివర నుంచి ఆ చివర దాకా చిందేసుకుంటూ వెళ్ళింది. వఠారమంతా బయటికొచ్చి చప్పట్లు కొట్టింది. నాకు నవ్వాగలేదు. 'రేకులతో సంగీత సహిత నృత్యము, అతి చక్కగా' అని కొట్టాను. అబద్ధం ఒక్క అక్షరం లేదు.

ముప్పై రిపోర్టులు చూసి శశికళ కళ్ళు చెమర్చాయి. అన్నీ ఫారానికి కుట్టి ఇచ్చింది. ఉగాది ఇంకా నాలుగు రోజులుందనగా పరీక్షకి పిలుపు వచ్చింది. ఆ సాయంత్రం శశికళ నా గదికి వచ్చి, చున్నీ కొస వేలికి చుట్టుకుంటూ, చెప్పలేక చెప్పింది. అక్కడ ఇంగ్లీషులో మాట్లాడాలట. ఇంటి పెద్దలు ఏం చదివారో అడుగుతారట.

"ఆ ఒక్క పూట మా నాయన మాదిరి మీరు రావల్ల మామా."

నేను గోడ వైపు చూశాను. ఆ గోడకి చెవులుండడం కాదు, అసలు మందమే లేదు. మునియప్ప అవతలి నుంచే, అదే మంచిదనీ, పద్మనాభప్ప అయితే దొరసాని మాదిరి మాట్లాడతాడనీ అన్నాడు. దొరసాని ఎందుకో నేను అడగలేదు. ఆ గొంతులో బాధేమీ వినబడలేదు. నాకు బాధగా ఉంది, కానీ ఒప్పుకున్నాను. హిందూపురం గుర్తొచ్చి ఒప్పుకున్నాను.

స్కూలుకి నలుగురం వెళ్ళాం. మునియప్పని వరండాలో బెంచీ మీద కూర్చోబెట్టి మేము లోపలికి పోయాం. తలుపుకి కర్టెన్ మాత్రమే ఉంది. హెడ్మిస్ట్రెస్ నలభై ఏళ్ళ బెంగళూరు మనిషి, తెలుగు బాగా అర్థమవుతుంది. నా రిపోర్టులు చదివి, ఇంత శ్రద్ధగల తాతగారిని తన సర్వీసులో చూడలేదని ఇంగ్లీషులో మెచ్చుకుంది. నేను కూడా ఇంగ్లీషులోనే వినయంగా మెలికలు తిరిగాను. సిగ్గు లేకుండా.

తర్వాత చిన్ని ముందు ప్లాస్టిక్ పూల బుట్ట పెట్టింది. చిన్ని ఒకటి తీసి వాసన చూసి, "నిన్నటివి" అంది. అని ఊరుకుందా, బల్ల మీది మంచినీళ్ళ గ్లాసు తీసుకుని పూల మీద చిలకరించింది, పూల కింద ఉన్న ఫారాల మీద కూడా. హెడ్మిస్ట్రెస్ నవ్వింది. లెక్కపెట్టమంది. లాభం, రెండు, మూడు. ఆ లాభమేమిటని నన్ను అడిగితే, అది మన ప్రాచీన శుభారంభ విధానమని చెప్పాను. రంగులు వేరు చేయమంది. మూడు కుప్పలు పెట్టి, ఏ కుప్ప ఎవరికో చిన్ని స్పష్టంగా చెప్పింది. ఆవిడ నవ్వు అక్కడ సగం ఆగింది. ఆ లోపల చిన్ని కుర్చీ ఎక్కి, ఆవిడ మెడ దగ్గర మోచెయ్యి ఆనించి, నడుము దాకా బుల్లి మూరలు వేసి, "ఆరు" అని చెప్పి దిగింది. శశికళ మొహంలో నెత్తురు చుక్క లేదు. ఇన్నాళ్ళూ నా ఇంగ్లీషు రిపోర్టులే చదివింది పాపం.

అక్కడితో లేచి వచ్చేసినా బాగుండేది. ఆవిడ చివరి అవకాశంగా రిపోర్టు తిరగేసి, ఆ నృత్యమేదో చూద్దామని చిన్ని చేతికి కాగితం పువ్వు ఇచ్చింది. నేను ఒంట్లో బాగాలేదని దగ్గాను. ఎవరూ పట్టించుకోలేదు. చిన్ని పువ్వుని తుంచింది, రేకులు ఆవిడ కుర్చీ చుట్టూ చల్లింది, డంకణక డంకణక అంటూ కాలెత్తింది. బెంగళూరులో పుట్టినవాళ్ళకి ఆ చిందు ఏమిటో ఎవరూ చెప్పక్కర్లేదు. తనని కూర్చోబెట్టి సాగనంపుతున్నారని ఆవిడకి రెండో చుట్టులో అర్థమైంది.

ఇక నన్ను పట్టుకుంది. చదువుకున్న మనిషివి, తాతవి, ముప్పై రోజులు పసిదానికి నేర్పింది ఇదా అని కడిగేసింది. నా అరికాలి మంట నెత్తికెక్కింది. కానీ ఏమని అరవను? నేను తాతని కాను అనా? అప్పుడు కర్టెన్ కదిలింది. మునియప్ప చెప్పులు బయటే విడిచి, చేతులు కట్టుకుని వచ్చి నిలబడ్డాడు. కట్టుకున్నా ఆ చేతులు ఎంత పొడుగో అప్పుడు చూశాను.

"ఆయప్పని అనొద్దమ్మా. నేర్పింది నేను" అన్నాడు.

నువ్వెవరని ఆవిడ అడిగింది. శశికళ హ్యాండుబ్యాగు జిప్పు తీసింది, వేసింది, మళ్ళీ తీసింది. నేను చెప్పవచ్చు. చెప్పలేదు. మునియప్ప కూతురి వైపు ఒక్కసారి చూసి, తల తిప్పుకున్నాడు.

"పూలిచ్చే వాణ్ణమ్మా. దినామూ వీళ్ళింటికి పూలిస్తాను. పాప నా కాడ ఆడుకుంటా ఉండాది. వీళ్ళు మర్యాదస్తులు, తప్పంతా నాది. పాపకి సీటు ఇయ్యండమ్మా."

చిన్ని "తాతా" అంటూ ఆయన కాళ్ళు చుట్టుకుంది. పిల్లలు అందరినీ తాతా అనే అంటారు కాబట్టి ఆవిడ దాన్ని లెక్కచేయలేదు. రోడ్డు పక్క మనుషుల దగ్గర పిల్లల్ని వదలకూడదని శశికళకి ఇంగ్లీషులో హితవు చెప్పి, తడిసిన ఫారం వెనక్కి ఇచ్చేసింది.

బయటికొచ్చి నడుస్తున్నాం. నాకు శశికళ మీద కోపం, దానికి రెండింతలు నా మీద. ముప్పై మూడేళ్ళ సర్వీసులో నేను కొట్టిన తప్పులన్నీ కలిపినా ఆ గదిలో మూసుకున్న నోటికి సాటి రావు. మునియప్ప ముందు నడుస్తూ, సీటు పోయింది తన వల్లనే అని, నార నమలకుండా ముందే చూసుకోవాల్సిందని గొణుక్కుంటున్నాడు. చిన్ని బట్టలు ఏ సంచిలో సర్దాలో కూడా అప్పుడే ఆలోచిస్తున్నాడు.

పదకొండున్నరకి ఫోను చేయాలని ఆదెమ్మతో ముందే మాట. బేకరీ పక్కన ఎస్టీడీ బూతులోకి శశికళ వెళ్ళింది. మునియప్ప చిన్నికి బన్ను కొనిచ్చి, బూతు గడప మీదే కూర్చోబెట్టుకున్నాడు. అందుకని అద్దం తలుపు మూతపడలేదు. ఆదెమ్మ గొంతు హిందూపురం నుంచి ఫోను లేకపోయినా వినబడేటట్టుంది. సీటొచ్చిందా అని అడిగింది.

"వచ్చింది అత్తా" అంది శశికళ.

నేను నోరు వెళ్ళబెట్టాను. ఎక్కడని అడిగితే, కాటన్‌పేటలోనే, ఇంటికి దగ్గర అంది. ఇంగ్లీషు చెబుతారా అని అడిగితే, నా వైపు చూసి, ఇంగ్లీషుకి వేరే ఐవారు ఉండాడు, కొంచెం కోపిష్టి అంది. బడి పెద్ద ఐవారు ఎవరు, ఎట్లాంటివాడు, పేరేమి అని ఆదెమ్మ వరస పెట్టింది.

శశికళ బూతు గోడ మీద చెయ్యి ఆనించి నిలబడింది. తర్వాత కిందికి, గడప మీద కూర్చున్న తండ్రి వైపు చూస్తూ చెప్పింది.

"పెద్దమునియప్ప సార్."

అవతల ఆదెమ్మ గొంతు తగ్గించి, అది మీ నాయన పేరు కదా అంది.

"మా నాయనే అత్తా. నాకు చదువు మొదలుపెట్టింది ఆయనే. పిల్ల ఆయన కాడనే ఉంటాది, యాడికీ రాదు. మీ కొడుక్కి నేను చెప్తాను" అని శశికళ ఫోను పెట్టేసింది.

మునియప్ప తుండుగుడ్డ మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చాడు. శశికళ ఆయన పక్కన గడప మీద కూర్చుని, ఆయన భుజానికి తల ఆనించి ఏడ్చింది. నేనూ ఏడ్చాను, చెప్పుకోవడానికి నాకేం సిగ్గు లేదు. బూతువాడు దారికి అడ్డం లేవమని అరిస్తే వాణ్ణి నా కడుపులో ఉన్న కోపమంతా తీరేదాకా తిట్టాను. ఈ గొడవలో చిన్ని బన్ను మొత్తం తినేసి ఇంకొకటి అడిగింది.